బోట్‌లో గన్ పెట్టుకుని బయల్దేరేముందు: అమెరికాలో బోట్ ఉన్న మనవాళ్లకి పూర్తి గైడ్

ఆష్‌బర్న్‌లోనో హెర్న్‌డన్‌లోనో ఉండే మనవాళ్లు శనివారం పొద్దున్నే పొటోమాక్ నదిలో బోట్ దింపుతారు. వర్జీనియా ఒడ్డున ర్యాంప్, వర్జీనియా రిజిస్ట్రేషన్, జేబులో వర్జీనియా పర్మిట్, అంతా పక్కా అనుకుంటారు. కానీ ఆ నది వర్జీనియాది కాదు. వర్జీనియా వైపు నీళ్లు తగ్గినప్పుడు ఎక్కడిదాకా ఉంటాయో ఆ గీత వరకు మేరీల్యాండ్‌దే, ఇంకాస్త ఎగువకి జార్జ్‌టౌన్ వైపు వెళ్తే వాషింగ్టన్ డీసీది. అంటే డాక్ వదిలిన కాసేపటికే, ఏ బోర్డూ కనపడకుండా, ఎవరూ చెప్పకుండా, మీ నడుముకున్న హ్యాండ్‌గన్ వేరే చట్టం కిందకి వెళ్లిపోయింది. ఆ రెండు చోట్లా వర్జీనియా పర్మిట్ చెల్లదు.

బోట్‌లో గన్ అంటే చాలామంది ఏ గన్ కొనాలి, తుప్పు పట్టకుండా ఏ ఆయిల్ రాయాలి అనేదాంతో మొదలెడతారు. అది ఆఖరి విషయం. ముందు మీరెవరు, తర్వాత ఏ రూట్‌లో వెళ్తున్నారు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే గన్. ఈ వరసలోనే చెప్తాను. చట్టాలు ఏటా మారతాయి, కోర్టులు మధ్యలో కొట్టేస్తుంటాయి, కాబట్టి వెళ్లే వారం ఆయా స్టేట్ సైట్లో ఒకసారి చూస్కోండి, కొంచెం డౌట్ ఉన్నా లాయర్‌కి ఓ గంట ఫీజు కట్టండి. ఆ గంట ఫీజు మీ బోట్‌కి ఒక వీకెండ్ పెట్రోల్ ఖర్చు కంటే పెద్దగా ఎక్కువేం ఉండదు.

స్టెప్ 1: మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ చూస్కోండి

మనవాళ్ల విషయంలో మొదటి ప్రశ్న ఇదే, మామూలు అమెరికన్ బోటింగ్ గైడ్‌లలో ఇది ఉండదు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద అడ్మిట్ అయినవాళ్లు, అంటే హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలతో సహా, గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనటం ఒక్కటే కాదు, చేతిలో ఉండటమే నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అందులో అందరూ చెప్పుకునేది ఏదైనా స్టేట్ ఇచ్చిన వ్యాలిడ్ హంటింగ్ లైసెన్స్ ఉండటం. "హంటింగ్ లైసెన్స్ ఆన్‌లైన్లో తీసుకుంటే చాలు బ్రో" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది దీని గురించే, అది చట్టంలో ఉన్న మాటే, కాదనను. కానీ ఆ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిన రోజు నుంచి మీరు మళ్లీ నిషేధం కిందకే వస్తారు, పైగా ఆ మినహాయింపు అమెరికా దాటాక ఎందుకూ పనికిరాదు. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ నిషేధం లేదు. ఐ-485 (గ్రీన్ కార్డ్ అప్లికేషన్) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డ్) మీద ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా అర్థాలు చెప్పుకోకుండా లాయర్‌ని అడగండి.

ఇంకో మెలిక. బోట్ సిటిజన్‌ది, గన్ కూడా ఆయనదే, కానీ బోట్‌లో ఉన్న ఐదుగురిలో ఇద్దరు హెచ్1బి. "నేను ముట్టుకోలేదు కదా" అనటం సరిపోకపోవచ్చు, ఎందుకంటే గన్ ఎక్కడుందో తెలిసి, దాన్ని తీసుకోగలిగే పరిస్థితిలో ఉంటే అది కూడా పొసెషన్ కిందే చూసే అవకాశం ఉంది. కాబట్టి తాళం కెప్టెన్ దగ్గరే ఉండాలి, కోడ్ ఆయనకే తెలియాలి, "ఒకసారి పట్టుకో, ఫోటో తీస్తా" లాంటి సరదాలు వద్దే వద్దు. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే అదే సాక్ష్యం.

గ్రీన్ కార్డ్ వాళ్లకీ ఒక మాట. గన్‌కి సంబంధించిన కేసులో కన్విక్షన్ పడితే అది డిపోర్టేషన్‌కి విడిగా ఒక కారణం. సిటిజన్‌కి ఫైన్‌తోనో ప్రొబేషన్‌తోనో పోయే కేసు గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఇల్లు, ఉద్యోగం, పిల్లల స్కూల్ అన్నీ ఎత్తేసుకునే దాకా పోవచ్చు. అందుకే "మా వైట్ ఫ్రెండ్ పదేళ్లుగా ఇలాగే వెళ్తున్నాడు" అనే లెక్క మనకి పనికిరాదు.

స్టెప్ 2: రూట్ గీసి, ఎక్కడ ఎవరి నీళ్లో రాస్కోండి

చార్ట్‌ప్లాటర్‌లో (బోట్‌లో మ్యాప్ చూపించే స్క్రీన్) రూట్ ఎలాగూ వేస్తారు, దాని పక్కనే ఒక కాగితం మీద ఏ మలుపు దాకా ఏ స్టేట్, ఏ దేశం అనేది రాస్కోండి. కొన్ని కొలతలు గుర్తుంటే చాలు. అట్లాంటిక్ వైపు స్టేట్ నీళ్లు ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్లు. టెక్సస్‌కి, గల్ఫ్ వైపు ఫ్లోరిడాకి 9. దేశం నీళ్లు 12 దాకా. ఆ తర్వాత హై సీస్ వైపు వెళ్లేకొద్దీ మీ బోట్ ఏ జెండా కింద రిజిస్టర్ అయిందో ఆ దేశం చట్టం నడుస్తుంది, అంటే అమెరికా బోట్ అయితే అమెరికా ఫెడరల్ చట్టం మీతో పాటే వస్తుంది. "ఇంటర్నేషనల్ వాటర్స్‌లో ఏ రూలూ లేదు" అనేది సినిమా మాట.

నదులైతే ఇంకా చిక్కు. హడ్సన్‌లో న్యూయార్క్, న్యూజెర్సీ మధ్య గీత నది మధ్యలోంచి పోతుంది, జెర్సీ సిటీ నుంచి స్టాచ్యూ చూద్దామని బయల్దేరిన బోట్ గంటలో ఎన్నిసార్లు స్టేట్ మారుతుందో కెప్టెన్‌కి కూడా తెలీదు. డెలావేర్ నదిలో ఫిలడెల్ఫియా వైపు పెన్సిల్వేనియా, అవతల వైపు న్యూజెర్సీ.

స్టెప్ 3: లేక్ అయితే, ఆ లేక్ ఎవరిదో చూడండి

డాలస్ చుట్టుపక్కల, అట్లాంటా, ర్యాలీ ఏరియా మనవాళ్లకి ఇది సముద్రం కంటే ముఖ్యం. ఎందుకంటే మనవాళ్ల బోట్లు ఎక్కువ ఉండేది ఇక్కడే. టెక్సస్ చట్టం బోట్ల విషయంలో చాలా క్లియర్‌గా ఉంటుంది, మీ సొంత కారులో లాగానే మీ కంట్రోల్‌లో ఉన్న వాటర్‌క్రాఫ్ట్‌లో హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు అని పేరు పెట్టి మరీ రాశారు, బయటికి కనపడేలా ఉంటే హోల్‌స్టర్‌లో ఉండాలి. పైగా 2021 సెప్టెంబర్ నుంచి అర్హత ఉన్నవాళ్లకి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఇంకేం, అయిపోయింది అనుకుంటాం.

కానీ లేక్ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్, లావన్, టెక్సోమా ఇవన్నీ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (డ్యాములు, రిజర్వాయర్లు చూసే అమెరికా ఆర్మీ విభాగం) వాళ్లవి. జార్జియాలో లేక్ లేనియర్, అల్లటూనా కూడా అంతే. నార్త్ కరోలినాలో జోర్డన్ లేక్, ఫాల్స్ లేక్ కూడా అంతే. కోర్ నీళ్లల్లో, వాళ్ల పార్కుల్లో స్టేట్ చట్టం కాకుండా ఫెడరల్ రూల్ నడుస్తూ వస్తోంది, లోడెడ్ గన్ ఉండకూడదు, రూల్‌లో తూటాల మాట కూడా ఉంది. వేటకి వెళ్తున్నప్పుడు, షూటింగ్ రేంజ్‌లో, లేదా డిస్ట్రిక్ట్ కమాండర్ రాతపూర్వకంగా పర్మిషన్ ఇస్తే తప్ప. దీని మీద కోర్టుల్లో కేసులు కూడా నడిచాయి, కాబట్టి ఈ ఒక్క రూల్ మాత్రం ప్రతి సీజన్ మొదట్లో ఆ లేక్ ఆఫీస్‌కి ఫోన్ చేసి ఇప్పుడెలా ఉందో కనుక్కోండి. అదే డాలస్‌లో లేక్ రే హబ్బర్డ్ సిటీ ఆఫ్ డాలస్‌ది, ఆస్టిన్ వైపు ట్రావిస్ కోర్‌ది కాదు. పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల్లో రెండు చట్టాలు, మన దగ్గర ఇరిగేషన్ వాళ్లు ఒకటి, పంచాయతీ వాళ్లు ఒకటి చూస్కున్నట్టు.

నేషనల్ పార్క్ నీళ్లు వేరే కథ. 2010 ఫిబ్రవరి నుంచి పార్కుల్లో ఆ స్టేట్ చట్టమే వర్తిస్తుంది, కానీ ఫెడరల్ బిల్డింగ్‌లోకి గన్ తీసుకెళ్లకూడదు. ఫ్లోరిడాలో కీ వెస్ట్ నుంచి బోట్ వేసుకుని డ్రై టోర్టుగాస్ వెళ్లేవాళ్లు అక్కడ కోటలోకి అడుగుపెట్టేముందు ఆ విషయం గుర్తుపెట్టుకోవాలి.

అద్దె బోట్ అయితే కాంట్రాక్ట్ చదవండి, చాలా కంపెనీలు ఆయుధాలు వద్దని అందులోనే రాస్తాయి. మెరీనాలు కూడా ప్రైవేట్ ఆస్తే.

స్టెప్ 4: ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి వెళ్తుంటే

1986లో వచ్చిన ఫెడరల్ చట్టంలో ఒక సేఫ్ ప్యాసేజ్ సెక్షన్ ఉంది, 926ఎ అంటారు. బయల్దేరే చోట, చేరే చోట రెండు చోట్లా మీరు ఆ గన్ పెట్టుకునే, క్యారీ చేసే హక్కు ఉండి, మధ్యలో గన్ అన్‌లోడెడ్‌గా, గన్ గానీ తూటాలు గానీ చేతికి అందకుండా ఉంటే, మధ్యలో ఉన్న స్టేట్ మిమ్మల్ని ఏం చేయకూడదు అని దాని సారాంశం. కారులో విడిగా డిక్కీ లేకపోతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్స్, కన్సోల్ చెల్లవు.

ఇది కారుని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం. బోట్‌కి దీన్ని పూర్తిగా నమ్ముకోవద్దు, కారణం చెప్తా. కారులో నార్ఫోక్ నుంచి కనెక్టికట్ ఒక్క రోజులో పోతాం. బోట్‌లో పోతే మధ్యలో కేప్ మేలోనో అట్లాంటిక్ సిటీలోనో రాత్రి ఆగాల్సిందే, వాతావరణం బాలేకపోతే మూడు రాత్రులు. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకి ఫ్లైట్‌లో వెళ్తున్న ఒకాయన, కనెక్షన్ మిస్ అయి న్యూజెర్సీలోని నూఅర్క్‌లో హోటల్‌లో ఒక రాత్రి ఉండాల్సొచ్చింది, లాక్ చేసిన గన్ ఉన్న బ్యాగ్ ఆయనతో పాటే హోటల్‌కి వచ్చింది, తెల్లారి ఎయిర్‌పోర్ట్‌లో రూల్ ప్రకారం తనే డిక్లేర్ చేస్తే అరెస్ట్ చేశారు. తర్వాత ఆయన దావా వేస్తే 2010లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే, ఆ రాత్రి గన్ ఆయన చేతికి అందేలా ఉంది కాబట్టి ఆ సెక్షన్ రక్షణ వర్తించదు అని. ఇప్పుడు మీ బోట్ గురించి ఆలోచించండి. క్యాబిన్‌లోనే పడుకుంటారు, గన్ పెట్టె అదే క్యాబిన్‌లో, తాళం చెవి మీ మెడలో. ఆ వాదన కోర్టులో గెలవాలంటే ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ దొరికితే గ్రేవ్స్ యాక్ట్ కింద పెరోల్ లేకుండా కనీసం 42 నెలలు అనేది మొదలు. బయటి స్టేట్ వాళ్లకి ప్రాసిక్యూటర్ తగ్గించే దారి ఉంది గానీ అది వాళ్ల దయ. హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునే) తూటాలకి అక్కడ వేరే రూల్స్ ఉన్నాయి. న్యూయార్క్ కూడా లైసెన్స్ లేని లోడెడ్ హ్యాండ్‌గన్‌ని చాలా సీరియస్‌గా తీసుకుంటుంది. 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత పర్మిట్ దొరకటం సులువైంది, మేరీల్యాండ్, డీసీ, న్యూజెర్సీ బయటివాళ్ల అప్లికేషన్లు కూడా తీసుకుంటాయి, కానీ ఫింగర్‌ప్రింట్లు, ట్రైనింగ్, వెయిటింగ్ అన్నీ ఉంటాయి. జులైలో ట్రిప్ ఉందంటే జనవరిలోనే మొదలెట్టాలి.

నన్ను అడిగితే చీసపీక్ దాటి పైకి వెళ్లే ట్రిప్‌లకి హ్యాండ్‌గన్ ఇంట్లో వదిలేయటమే మంచిది. ఫ్లోరిడాలో మాత్రం తేడా. 2023 జులై నుంచి అర్హత ఉన్న 21 ఏళ్లు దాటినవాళ్లకి కన్సీల్డ్ క్యారీకి (గన్ బయటికి కనపడకుండా పెట్టుకోవటానికి) పర్మిట్ అక్కర్లేదు, ఫిషింగ్ ట్రిప్‌లకి పాత చట్టంలోనే వెసులుబాటు ఉంది. కానీ అర్హతలో సిటిజన్ లేదా పర్మనెంట్ రెసిడెంట్ అనే మాట ఉంది, మళ్లీ స్టెప్ 1కి వచ్చాం చూశారా.

స్టెప్ 5: గన్ ఎక్కడ పెట్టాలి, ఏం రాస్కోవాలి

బోట్‌కి బోల్ట్‌లతో బిగించిన స్టీల్ లాకర్ కావాలి, ఊరికే కీ ఉన్న డ్రాయర్ కాదు. చాలా దేశాల్లో కస్టమ్స్ వాళ్లు గన్ మీ బోట్‌లోనే ఉండనిస్తారా లేక ఒడ్డుకి తీసుకెళ్లిపోతారా అనేది, సీల్ వేయగలిగే లాకర్ ఉందా లేదా అనేదాని మీద కూడా ఆధారపడుతుంది. గన్ ఒక చోట, తూటాలు ఇంకో డ్రై బాక్స్‌లో. ఉప్పు గాలికి మామూలు బ్లూడ్ స్టీల్ తొందరగా ఎర్రబడుతుంది, నికెల్ కోటింగ్ ఉన్న మెరైన్ షాట్‌గన్‌లు అందుకే చేస్తారు, సిలికా ప్యాకెట్లు వేసి అప్పుడప్పుడు తుడుస్తూ ఉండండి, ఫోమ్ కేస్‌లో మాత్రం వదిలేయొద్దు, అది తేమ పట్టుకుని ఉంచుతుంది. ఆయిల్ సంగతి ఇంతే.

లిస్ట్ మాత్రం శ్రద్ధగా రాయాలి. మేక్, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబర్, బ్యారెల్ పొడవు, ఏ రకం తూటాలు ఎన్ని అనేది ఒక్కొక్కటి లెక్కపెట్టి. "రెండు బాక్సులు" అని రాయకండి, నలభై ఎనిమిది అంటే నలభై ఎనిమిది. రిసీట్ కాపీ, పాస్‌పోర్ట్ లేదా గ్రీన్ కార్డ్ కాపీ, బోట్ డాక్యుమెంట్, అన్నీ ఒక వాటర్‌ప్రూఫ్ ఫోల్డర్‌లో, ఫోన్‌లో కూడా.

తర్వాత బోట్ మొత్తం వెతకండి. నిజంగా వెతకండి. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్ అడుగున, ఫిషింగ్ టాకిల్ బాక్స్‌లో, పాత జాకెట్ జేబులో ఒక్క రౌండ్ ఉంటే చాలు. 2024లో టర్క్స్ అండ్ కైకోస్ ఎయిర్‌పోర్ట్‌లో కొంతమంది అమెరికన్ టూరిస్టులు బ్యాగుల్లో మర్చిపోయిన తూటాలతో పట్టుబడ్డారు, అప్పటి చట్టం ప్రకారం కనీస శిక్ష 12 ఏళ్లు. చివరికి వాళ్లకి ఫైన్లు, సస్పెండెడ్ శిక్షలతో పోయింది, ఆ తర్వాత చట్టాన్ని కూడా కొంచెం సడలించారు, కానీ అప్పటిదాకా నెలల తరబడి ఆ ద్వీపంలోనే ఉండాల్సొచ్చింది. వాళ్ల దగ్గర గన్నే లేదు, ఉత్త తూటాలే.

స్టెప్ 6: అమెరికా దాటేముందు

ఇది చాలామందికి తెలీదు. మీ సొంత గన్‌ని మీ సొంత బోట్‌లో బహామాస్ తీసుకెళ్లటం కూడా చట్టం దృష్టిలో ఎక్స్‌పోర్టే. 2020 మార్చి నుంచి మామూలు రైఫిళ్లు, హ్యాండ్‌గన్‌లు కామర్స్ డిపార్ట్‌మెంట్ రూల్స్ కిందకి వచ్చాయి. అందులో బ్యాగేజ్ ఎక్సెప్షన్ ఒకటి ఉంది, సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్లు సొంత వాడకానికి మూడు గన్‌లు, వెయ్యి తూటాల దాకా లైసెన్స్ లేకుండా తీసుకెళ్లొచ్చు, తిరిగి తీసుకురావాలి, అక్కడ అమ్మటం ఇవ్వటం కుదరదు. దానికోసం బయల్దేరేముందు సీబీపీ (అమెరికా కస్టమ్స్, బోర్డర్ శాఖ) ఆఫీసర్‌కి గన్‌లు, తూటాలు చూపించి డిక్లేర్ చేయాలి.

అప్పుడే ఫామ్ 4457 కూడా చేయించుకోండి. అందులో సీరియల్ నంబర్లు రాసి ఆఫీసర్ సంతకం పెడతారు. తిరిగొచ్చేటప్పుడు "ఈ గన్ ఎక్కడ కొన్నారు" అంటే ఇది చూపించటమే, లేకపోతే కొత్తగా దిగుమతి చేస్కుంటున్నట్టు లెక్క. ఆఫీస్‌కి ముందే ఫోన్ చేసి గన్‌తో వస్తున్నామని చెప్పి, ఎప్పుడు, ఎలా తీసుకురావాలో అడిగి వెళ్లండి, పార్కింగ్‌లోంచి కేస్ పట్టుకుని నేరుగా లోపలికి నడవకండి.

స్టెప్ 7: బహామాస్

మయామి నుంచి బిమిని దాదాపు 50 నాటికల్ మైళ్లు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. ఫ్లోరిడా బోటర్లకి మొదటి విదేశీ రేవు ఇదే, గన్‌ల విషయంలో కొంచెం ఉదారంగా ఉండే దేశం కూడా ఇదే. బహామాస్ నీళ్లల్లోకి రాగానే పసుపు జెండా ఎత్తాలి, పోర్ట్ ఆఫ్ ఎంట్రీకి వెళ్లాలి, క్లియరెన్స్ అయ్యేదాకా కెప్టెన్ ఒక్కడే ఒడ్డుకి దిగాలి. క్రూజింగ్ పర్మిట్ అప్లికేషన్ ఆన్‌లైన్లో ముందే చేస్కోవచ్చు, అందులో గన్‌ల మేక్, మోడల్, సీరియల్ నంబర్, తూటాల సంఖ్య కరెక్ట్‌గా రాయాలి.

ఆ తర్వాత గన్ బోట్‌లోనే, తాళంలోనే ఉండాలి. ఒడ్డుకి దింపకూడదు, నిర్మానుష్యంగా ఉన్న దీవి అయినా సరే. సరదాకి కొబ్బరికాయ మీద ఒక రౌండ్ కాల్చారనుకోండి, లెక్కలో ఒకటి తగ్గింది, పోలీసులు లేదా డిఫెన్స్ ఫోర్స్ వాళ్లు బోట్ ఎక్కి లెక్కపెడితే మీరేం చెప్తారు? తూటాలు తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. డిక్లేర్ చేయకుండా దొరికితే జైలు.

పనిలో పనిగా, ట్రిగ్గర్ నొక్కితే చేపల మీదకి బల్లెం వదిలే స్పియర్‌గన్ అక్కడ నిషేధం. చేత్తో లాగి వదిలే హవాయియన్ స్లింగ్, పోల్ స్పియర్ మాత్రమే. చేపల మీద మోజుతో చాలామంది తుపాకీ సంగతి జాగ్రత్తగా చూస్కుని దీని దగ్గర దొరికిపోతారు.

బహామాస్ దాటి కిందకి కరీబియన్ వైపు వెళ్లేకొద్దీ పద్ధతి మారుతుంది. చాలా దీవుల్లో డిక్లేర్ చేయగానే కస్టమ్స్ లేదా పోలీసులు గన్ తీసుకుని రసీదు ఇస్తారు, మీరు దేశం వదిలేటప్పుడు తిరిగిస్తారు. వినటానికి బాగానే ఉంటుంది, కానీ తీసుకున్న రేవుకే మళ్లీ రావాలి. ఉత్తరాన దిగి దక్షిణం నుంచి వెళ్లిపోదామనుకున్న మీ ప్లాన్ మొత్తం ఆ పెట్టె కోసం వెనక్కి తిరుగుతుంది, ఆదివారం ఆఫీసు మూసుంటే ఇంకో రోజు. పైగా ఆ దీవిలో ఉన్నన్నాళ్లూ, అంటే మీకు నిజంగా భయం ఉన్న రాత్రుల్లో, గన్ మీ దగ్గర ఉండదు. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్, ప్యూర్టో రికోల్లో ఎగిరేది అమెరికా జెండానే గానీ గన్ చట్టాలు వాళ్లవి వాళ్లకున్నాయి, మీ స్టేట్ పర్మిట్ అక్కడ కూడా నడుస్తుందని అనుకోవద్దు.

స్టెప్ 8: కెనడా, మెక్సికో

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ మనవాళ్లు శాన్ హువాన్ దీవులు దాటి విక్టోరియా వైపు వెళ్తుంటారు. కెనడాలో 2022 నుంచి మామూలు మనుషులు హ్యాండ్‌గన్ తీసుకురావటానికి లేదు. ఏఆర్-15 తరహావి 2020 మే నుంచే నిషేధం. మామూలు హంటింగ్ రైఫిల్, షాట్‌గన్ అయితే నాన్-రెసిడెంట్ ఫైర్‌ఆర్మ్ డిక్లరేషన్ ఫామ్ నింపాలి, ఆఫీసర్ ఎదురుగానే సంతకం పెట్టాలి, ముందే పెట్టుకుని వెళ్లకండి. ఫీజు 25 కెనడియన్ డాలర్లు, 60 రోజులు చెల్లుతుంది. కారణం అడుగుతారు, వేట లేదా అడవిలో ఎలుగుబంట్ల నుంచి రక్షణ లాంటివి నడుస్తాయి, "సెల్ఫ్ డిఫెన్స్" అని అమెరికా అలవాటులో అనకండి, మనుషుల నుంచి రక్షణ కోసం గన్ అనేది అక్కడ కారణమే కాదు. మనుషుల మీద కొట్టే పెప్పర్ స్ప్రే కూడా అక్కడ నిషేధిత ఆయుధమే.

మెక్సికో గురించి ఒక్క లైన్: తీసుకెళ్లొద్దు. శాన్ డియాగో నుంచి ఎన్సెనాడా చాలా దగ్గర, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. అక్కడ ఆర్మీ ముందే పర్మిట్ ఇస్తే తప్ప గన్ గానీ తూటా గానీ ఉండకూడదు, అక్కడికెళ్లాక డిక్లేర్ చేస్తే సరిపోదు. 2014లో ఒక అమెరికన్ మాజీ మెరీన్ ట్రక్‌లో మూడు గన్‌లతో టిహువానా బోర్డర్ దాటేశాడు, పొరపాటున దారి తప్పానన్నాడు, 214 రోజులు జైల్లో ఉన్నాడు. అంత పెద్ద గొడవ అయ్యి, అమెరికా నాయకులు మాట్లాడాక కూడా అన్ని రోజులు.

స్టెప్ 9: కోస్ట్ గార్డ్ బోట్ ఎక్కినప్పుడు

కారు ఆపినట్టు కాదు, కోస్ట్ గార్డ్‌కి వారంట్ లేకుండా అనుమానం కూడా లేకుండా మీ బోట్ ఎక్కి చెక్ చేసే అధికారం ఉంది. ఎక్కగానే, లేదా పక్కకి వచ్చి రేడియోలోనే అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, బోట్‌లో ఆయుధాలున్నాయా అని. ఉన్నాయంటే ఉన్నాయి, ఎక్కడున్నాయో చెప్పండి, చెయ్యి అటు పోనివ్వకండి, "ఇదిగో చూపిస్తా సార్" అని లాకర్ దగ్గరికి లేవకండి. చేతులు కనపడేలా పెట్టుకుని వాళ్లు చెప్పింది చేయండి. పిల్లలకి, పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, ఇంగ్లీష్ అంతగా రాని అత్తమ్మ కంగారుపడి బ్యాగులో చెయ్యి పెడితే సీన్ మారిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు సీబీపీకి రిపోర్ట్ చేసి గన్‌ల సంగతి అడక్కముందే చెప్పి 4457 చూపించండి. ఆల్కహాల్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, బీర్ కూలర్ తెరిచిన బోట్‌లో గన్ లాకర్ తెరవకూడదు, అంతే.

ఫ్లేర్ గన్ సంగతి

16 అడుగులు, ఆపైన ఉన్న బోట్ తీర నీళ్లల్లో పగలూ రాత్రీ పనికొచ్చే డిస్ట్రెస్ సిగ్నల్స్ పెట్టుకోవాలి, అందులో చాలామంది ఫ్లేర్ గన్ వాడతారు, ఫ్లేర్ల ఎక్స్‌పైరీ 42 నెలలు. అమెరికా ఫెడరల్ లెక్కలో సిగ్నల్ కోసం చేసిన ఫ్లేర్ గన్ ఫైర్‌ఆర్మ్ కాదు. కానీ అందులో షాట్‌గన్ షెల్ కాల్చేలా ఇన్సర్ట్ పెట్టారంటే కథ మారిపోతుంది, ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కదా అని కొనకండి. ఇతర దేశాల్లో, బెర్ముడా లాంటి చోట్ల, ఫ్లేర్ పిస్టల్ కూడా డిక్లేర్ చేయాల్సిన వస్తువే. ఈ తలనొప్పి వద్దనుకుంటే కోస్ట్ గార్డ్ ఒప్పుకున్న ఎలక్ట్రానిక్ లైట్, ఆరెంజ్ జెండా పెట్టుకోండి, చేత్తో పట్టుకునే ఫ్లేర్లు కూడా సరిపోతాయి.

ఇండియా వైపు

ఎవరైనా బోట్ కొని ఇండియా దాకా తీసుకెళ్దామని కల కంటున్నారేమో, వాళ్లకి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా ఏమీ కుదరదు, అమెరికా కాగితం అక్కడ చిత్తు కాగితం. 2013 అక్టోబర్‌లో తూత్తుకుడి దగ్గర సీమన్ గార్డ్ ఓహాయో అనే ప్రైవేట్ నౌకని మన కోస్ట్ గార్డ్ పట్టుకుంది, అమెరికా కంపెనీది, సియెర్రా లియోన్ జెండా, సముద్రపు దొంగల నుంచి వాణిజ్య నౌకల్ని కాపాడే గార్డులున్న బోట్. 35 మంది మనుషులు, 35 రైఫిళ్లు, ఐదు వేల ఆరు వందల పైచిలుకు తూటాలు. డీజిల్ కోసం, తుఫాను నుంచి తప్పించుకోవటం కోసం వచ్చామన్నారు. 2016 జనవరిలో అక్కడి కోర్టు అందరికీ ఐదేళ్ల శిక్ష వేసింది, 2017 నవంబర్‌లో మద్రాస్ హైకోర్టు మధురై బెంచ్ కొట్టేసింది. నిర్దోషులుగా బయటపడటానికి నాలుగేళ్లు పట్టింది, వెనకాల కంపెనీ, లాయర్లు, వాళ్ల దేశాల ఎంబసీలు ఉండి కూడా.

తీసుకెళ్లాలా వద్దా

అన్నీ అయ్యాక ఆఖర్న వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మీ రూట్‌లో గన్ చట్టబద్ధంగా, లోడ్ చేసి, చేతికి అందేలా ఉండగలిగే రాత్రులు ఎన్ని? టెక్సస్‌లో కోర్‌ది కాని లేక్, ఫ్లోరిడా తీరం అయితే చాలానే ఉంటాయి, తీసుకెళ్లండి. బహామాస్ అయితే తాళంలో ఉంటుంది, మీ ఇష్టం. దాని కిందకి కరీబియన్, మెక్సికో, కెనడా అయితే దాదాపు సున్నా, కాగితాల బరువు తప్ప ఏం మిగలదు. కరీబియన్ రేవుల్లో పోయేది ఎక్కువగా డింగీలు (బోట్ నుంచి ఒడ్డుకి వెళ్లే చిన్న పడవలు), అవుట్‌బోర్డ్ ఇంజన్లు. రాత్రి డింగీని నీళ్లల్లోంచి పైకి లాగి తాళం వేయటం, కంపానియన్‌వే (క్యాబిన్‌లోకి దిగే దారి) లోపలి నుంచి గడియ పెట్టుకోగలగటం, మోషన్ లైట్, గట్టి హారన్, వీహెచ్ఎఫ్ రేడియో పక్కనే ఉండటం, నలుగురు యాంకర్ వేసిన చోటే మనమూ వేయటం, ఇవి ఏ కస్టమ్స్ ఆఫీస్‌లోనూ డిక్లేర్ చేయక్కర్లేదు. ఫ్లోరిడాలో బంధువులో ఫ్రెండో ఉంటే, వాళ్లు సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ అయ్యి ఉంటే, అక్కడ గన్ వదలటం గురించి కూడా ముందు లాయర్‌ని అడగండి, ఎందుకంటే వేరే స్టేట్‌లో ఉండే మనిషికి గన్ అప్పగించటానికి కూడా ఫెడరల్ రూల్స్ ఉన్నాయి. బయల్దేరేముందు ఇంట్లోనే సేఫ్‌లో పెట్టి రావటం అన్నిటికంటే చవక.